స్వర్ణలత ఎక్కిన బోర్డు

స్వర్ణలతకు ఈత వచ్చింది యాభై దాటాకే. మోకాళ్ల నొప్పులకని డాక్టరు ఈదమంటే తిరుమలగిరిలో కొలనుకు వెళ్లడం మొదలుపెట్టింది. నొప్పులు తగ్గాయి, నీళ్ల మీద మోజు మాత్రం పెరిగింది. కొలనులో పరిచయమైన క్యారల్ ఫోన్లో చూపించిన ఫొటోతో అది మరీ ముదిరింది. చెరువు మధ్యలో బోర్డు మీద నిలబడి, తెడ్డు వేసుకుంటూ పోతోంది క్యారల్!

"గాలి నింపే బోర్డు. మడిచి కారు డిక్కీలో వేస్కోవచ్చు," అని ఇంట్లో చెప్పింది స్వర్ణలత.

"పడవల కూసోక, నిలబడుడేందీ?" అన్నాడు భర్త విజయేందర్. అన్నాడే గాని, ఆదివారం కారు తీసింది ఆయనే.

కార్ఖానా ప్రాంతంలో బోర్డులమ్మే దుకాణంలో ఆమె చూపు సన్నటి నీలం బోర్డు మీద పడింది. ఎంత నాజూగ్గా ఉందో!

"అది స్పీడుకు, స్వర్ణా. మొదటిది వెడల్పుగ ఉండాలె," అంది వెంట వచ్చిన క్యారల్, పక్కనున్న బూడిదరంగు బోర్డును తడుతూ.

స్వర్ణలత మనసు ఒప్పలేదు. "రెండింటికీ గాలి కొట్టి చూపిస్తరా?" అని దుకాణదారు హుజైఫాను అడిగింది.

"పరేషానేం లేదు మేడమ్, చూడుండ్రి," అంటూ పంపు అందుకున్నాడు హుజైఫా. సగంలో ఆయన అలసిపోతే విజయేందర్ చొక్కా చేతులు మడిచాడు.

గట్టిపడ్డ బోర్డులను రెండేసి స్టూళ్ల మీద ఆనించారు.

"మీరు జెర కూసోండ్రి," అంది స్వర్ణలత భర్తతో.

ఆయన కూర్చోగానే నీలం బోర్డు వదులైన నులకమంచంలా కుంగింది. బూడిదరంగుది మాత్రం చెక్కుచెదరలేదు. స్వర్ణలత నీలం బోర్డును ఇంకోసారి ఆశగా నిమిరి, బూడిదరంగుదే కట్టించుకుంది.

మరుసటి ఆదివారం ఊరి బయట చెరువులో లైఫ్ జాకెట్ వేసుకుని, బోర్డుకున్న తాడు చీలమండకు కట్టుకుని ఎక్కింది. ముందు మోకాళ్ల మీద కూర్చుంది. లేవబోయి దభాలున పడింది. నవ్వుకుంటూ ఎక్కి మళ్లీ పడింది. ఆ తర్వాత పాదాలు వెడంగా పెట్టి, చూపు దూరంగా నిలిపి, మెల్లగా లేచింది. బోర్డు కాస్త ఊగి కుదురుకుంది. కాళ్ల కింద నీళ్లు, ముఖాన చల్లగాలి. చిన్నపిల్లలా కేక వేసింది.

గట్టు మీద విజయేందర్ అప్పటికే ప్యాంటు మోకాళ్లదాకా మడిచేశాడు.

"ఇగ చాలు, రా! జెర నన్ను సుత ఎక్కనియ్యరాదే!"

వినబడనట్టే స్వర్ణలత తెడ్డును ఇంకాస్త గట్టిగా వేసింది.