ఎడమ బల్ల గొంతు

డెబ్బై ఎనిమిదేళ్ల సిస్టర్ వాల్‌ట్రూడ్ మఠం మొత్తానికి మిగిలిన ఒకే ఒక్క సన్యాసిని. కొత్తవాళ్లను చేర్చుకోకూడదని బవేరియా సర్కారు హుకుం జారీ చేసి ముప్పై ఏళ్లయింది. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే పోతే పీడ విరగడవుతుందనుకున్నారు దొరలు. ఈవిడ పోతేగా!

ఇలాంటి బెనెడిక్ట్ క్రైస్తవ మఠాల్లో ప్రార్థనప్పుడు ఎదురెదురు బల్లల్లో కూర్చుంటారు; కుడి బల్ల వాళ్లు కీర్తనలో ఒక చరణం పాడితే ఎడమ బల్ల వాళ్లు రెండోది అందుకుంటారు. ఈ మఠంలో ఎనిమిది వందల ఏళ్లుగా అది ఒక్క పూట తప్పలేదు. అందుకే వాల్‌ట్రూడ్ కుడివైపు ఒక చరణం పాడి, కర్ర ఊతంతో ఎడమవైపుకు నడిచి రెండోదీ తానే పాడేది. మోకాళ్లు మొర్రోమంటున్నా సరే.

ఆ వేసవిలో కొత్త రాజు పాత హుకుం సడలించాడు. ప్రార్థన ఆగని మఠాలు మళ్లీ అమ్మాయిలను చేర్చుకోవచ్చు. చూసి రాసుకుపోవడానికి ఒక అధికారి వచ్చాడు.

"ఒక్కరుంటే మఠమని ఎట్లా రాసేదమ్మా? రెండు వైపులా పాడాలిగా?"

"కూర్చోండి దొరగారూ. విని రాయండి."

మొదటి చరణం కంగుమంది. లేవబోతే మోకాలు సహకరించలేదు. మళ్లీ లేవబోయి కూలబడింది. అధికారి కలం తీశాడు. తన కాలి దగ్గరే ఎనిమిది వందల ఏళ్లు ఆగిపోతున్నాయనుకుంది వాల్‌ట్రూడ్.

అప్పుడు గుమ్మంలోంచి రెండో చరణం వినిపించింది. వంటమనిషి నోట్‌బుర్గా పిండి చేతులతోనే వచ్చి, ఎడమ బల్ల దగ్గర నిలబడి పాడుతోంది. వంటింట్లోంచి ముప్పై ఏళ్లు విన్న లాటిన్ అది. ప్రభువును దొమినుస్ అనాల్సిన చోటల్లా తొమినుస్ అంటోంది, పల్లెటూరి నాలుక మరి. కీర్తన చివరిదాకా ఇద్దరూ వదల్లేదు.

"తొమినుసా!" అధికారి పకపకా నవ్వాడు. "నీకు అక్షరమ్ముక్క వచ్చా?"

"రాదు దొరా. అమ్మగారు నడవలేకపోతే ఎవరో ఒకరు అందుకోవద్దూ?"

"ఈమె మఠం మనిషి కాదుగా?" అన్నాడతను వాల్‌ట్రూడ్‌తో.

"కానిచ్చారా మీరు? అనుమతి తెండి, మొదటి సన్యాసిని ముసుగు దానిదే. రెండు వైపులా పాడారా లేదా, అది రాయండి!"

అతను నవ్వు ఆపేసి, విన్నది విన్నట్టే రాశాడు.

అనుమతి వచ్చింది. మొదటి ముసుగు యాభై రెండేళ్ల నోట్‌బుర్గాకే వేశారు. తర్వాత వచ్చిన చదువుకున్న అమ్మాయిలు ఆమె మాట దిద్దబోతే వాల్‌ట్రూడ్ కస్సుమంది.

"ఆ తప్పే లేకపోతే మీరిక్కడ లేరే!"

ఇవాళ్టికీ ఆ మఠంలో కుడి బల్ల వాళ్లు దొమినుస్ అంటారు. ఎడమ బల్ల వాళ్లు తలెత్తుకుని తొమినుస్ అంటారు.