డెలియా గోడ రాళ్ళు

జూనో పడిపోయిందన్న సంగతి డెలియాకు చెప్పింది నేనే. మా కిటికీలోంచి చూస్తే డెలియా కన్సిడైన్ పొలం, పొలం చివర గోడ, గోడ అవతల సముద్రం దాకా పరుచుకున్న సున్నపురాతి బండలు కనిపిస్తాయి. ఆ మధ్యాహ్నం బండల మీద జనం గుంపుగా నిలబడి ఉన్నారు. మధ్యలో ఎర్రటిదేదో కదులుతోంది. ఎవరో కోటు పరుచుకున్నారనుకున్నాను. అది తలెత్తి అరిచింది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే పరుగెత్తాను.

డెలియా వంటింట్లో రొట్టెకు పిండి కలుపుతోంది.

"డెలియా! నీ ఆవు బండల మీద పడుంది. లేవట్లేదు."

"ఏ ఆవు?"

"ఎర్రది."

"జూనోనా? అది చూడిది కదే, ఊనా!" అంటూ పిండి చేతులతోనే బయటికి వచ్చేసింది. వెనక కుర్చీలోంచి ఆమె అన్న ఫ్లాన్, "మళ్ళీ గోడ పీకారా ఆ వెధవలు?" అని అరిచాడు. ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆ గోడ ఫ్లాన్ కట్టిందే. సిమెంటు, సున్నం ఏమీ లేకుండా రాయి మీద రాయి పేర్చి, సందుల్లోంచి గాలి పోయేట్టు కట్టాడు. ఐర్లండులో మా క్లేర్ తీరంలో వీచే గాలికి అలాంటి గోడే నిలుస్తుంది. కీళ్ళవాతంతో ఆయన వేళ్ళు వంకర తిరిగిపోయాక గోడ చూసుకోవడం డెలియా వంతయింది. దానికి ముందు ఏటా ఒకటో రెండో రాళ్ళు జారేవి, అంతే. తర్వాత ఎవరో మహానుభావుడు మా బండల మీద రాళ్ళు దొంతరగా పేర్చి, వెనక సూర్యాస్తమయం పడేట్టు ఫొటో తీసి లోకమంతా చూపించాడు. ఇక తీరం రోడ్డు మీద వెళ్ళే ప్రతి కారూ డెలియా పొలం దగ్గర ఆగడం మొదలుపెట్టింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఒక దొంతర పేర్చాల్సిందే. బండల మీద విడి రాళ్ళు ఏముంటాయి, అలలు ఎప్పుడో ఊడ్చుకుపోయాయి. గోడ మాత్రం చేతికి అందే ఎత్తులో ఉంది. పైవరస రాళ్ళు తీసుకెళ్ళడం, పేర్చడం, ఫొటో తీసుకోవడం, కారెక్కి తర్వాతి బీచికి పోవడం. పొద్దువాలాక డెలియా వెళ్ళి అవన్నీ ఏరి మళ్ళీ గోడకెక్కించేది. గోడ ముట్టుకోవద్దని బోర్డు పెడితే, ఆ బోర్డుకే ఆనించి ఒక దొంతర కట్టారు.

మేం వెళ్ళేసరికి గోడలో గుమ్మమంత ఖాళీ ఉంది. జూనో అందులోంచి నడిచి బండల మీదికి వెళ్ళింది. ముందుకాలొకటి బండల మధ్య నెర్రెలో దిగి, మోకాలి కింద విరిగింది. కళ్ళు తెల్లగా తేలేసి రొప్పుతోంది. డెలియా దాని మెడ దగ్గర కూర్చుని, "ఉండమ్మా, ఉండు, వచ్చేశా" అంటూ నిమిరింది. ఎర్రటి మెడ మీద పిండి వేళ్ళ గుర్తులు పడ్డాయి.

పశువుల డాక్టరు ఈమర్ తొందరగానే వచ్చింది. కాలు చూసింది, డెలియా మొహం చూసింది. "ఏం చెయ్యలేం, డెలియా."

"దూడ?"

"మరీ చిన్నది. బతకదు."

"అయితే ఆలస్యం చెయ్యకు."

ఈమర్ ఇంజెక్షన్ సిద్ధం చేస్తుంటే డెలియా జూనో తలను ఒళ్ళో పెట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళలో కొందరు టోపీలు తీశారు, అది చెప్పాలి. ఒక తల్లి పిల్లల కళ్ళు మూసింది. కానీ కాస్త దూరంలో మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టుకున్నవాడొకడు వచ్చి నా భుజం తట్టి, "కొంచెం ఇటు జరుగుతారా? వెలుగు పోతోంది, నా దొంతర మీద మీ నీడ పడుతోంది" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే ఆ మాట డెలియా చెవిన పడింది. ఆమె కదల్లేదు. జూనో ఊపిరి ఆగేదాకా అలాగే కూర్చుంది. తర్వాత దాని తలను మెల్లగా బండ మీద ఆనించి, లేచి, అతని దగ్గరికి నడిచి, అతని దొంతరను కాలితో ఒక్క తన్ను తన్నింది.

అక్కడితో ఆగలేదు. దాని పక్కది, ఆ పక్కది. సముద్రం అంచు దాకా దొంతరలే. ఒక్కోదాన్నీ తన్నుకుంటూ, తిట్టుకుంటూ వెళ్ళింది. "నా గోడ! ఇదీ నా గోడే! ఇదీ!" జనం వెనక్కి జరిగారు. ఫోన్లు పైకి లేచాయి. డెలియాకి అరవై దగ్గర పడుతున్నాయి. ఆమె అలా పరుగెత్తడం నేను చిన్నప్పుడు కూడా చూడలేదు.

ఒక దొంతర దగ్గర నిలబడ్డ అమ్మాయి రెండు చేతులూ అడ్డం పెట్టింది. ఆలస్యమైపోయింది. రాళ్ళు దొర్లాయి. అమ్మాయి కింద కూర్చుని గట్టిగా ఏడ్చేసింది. "అది మా నాన్నది! మా నాన్న కోసం కట్టాను! పోయి నెల కూడా కాలేదు!"

డెలియా ఆగింది. రొప్పుతూ అడిగింది, "ఏం పేరు?"

"ఏంటి?"

"మీ నాన్న పేరు."

"యుర్గెన్."

"దాని పేరు జూనో," అంది డెలియా, వెనక్కి చెయ్యి చూపిస్తూ. "ఆ రాళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చావో ఒకసారి వెళ్ళి చూసుకో."

అమ్మాయి అటు చూసింది. ఆవు, ఆవు వెనక గోడ, గోడలో ఖాళీ.

మర్నాటికి లోకమంతా చూసిన వీడియోలో ఈ మాటలు లేవు. ఒక ముసలిది దొంతరలు తన్నడం, ఒక పిల్ల నాన్న కోసం ఏడవడం, అంతే. అందులో ఆవు లేదు. కింద జనం రాసినవి నేను డెలియాకు చదివి వినిపించలేదు. ఆమే అడిగింది. "రాక్షసి అన్నారా?" "అన్నారు." "ఇంకా?" "జైల్లో పెట్టాలన్నారు." "ఒక్కడైనా జూనో గురించి అడిగాడా?" "లేదు." ఆమె చీపురు తీసుకుని, ఊడ్చిన నేలనే మళ్ళీ ఊడ్చింది.

రెండు రోజులకు ఆ అమ్మాయే డెలియా వాళ్ళ గుమ్మంలోకి వచ్చింది. పేరు ఇల్కా, జర్మనీ పిల్ల. నేను అక్కడే ఉన్నాను. చేతుల్లో ఒక రాయి ఉంది.

"ఆ వీడియో తీసింది నేను కాదు," అంది. "తీసెయ్యమని అడిగాను. తియ్యనన్నాడు."

డెలియా ద్వారబంధం పట్టుకుని నిలబడింది. "మీ నాన్నదని నాకు తెలీదమ్మా. తెలిస్తే తన్నేదాన్ని కాదు. అంతవరకు నా తప్పే, క్షమించు." ఆమె చూపు రాయి మీద పడింది. "అదేంటి చేతిలో?"

"మీదే. గుర్తుగా ఇంటికి తీసుకెళ్దామని కార్లో పెట్టుకున్నా."

"దేవుడా! జర్మనీకి కూడానా!" డెలియా గొంతు లేచింది. "ఇక్కడ పేర్చినవి చాలక, ఎగుమతి కూడానా! వెళ్ళు. ఎక్కణ్ణుంచి తీశావో అక్కడే పెట్టు, నీ చేత్తోనే."

ఇల్కా వెళ్ళింది. ఫ్లాన్ కర్ర పట్టుకుని వెనకే బయల్దేరాడు. "అలా కాదు పిల్లా! వెడల్పు వైపు కిందికి! తిప్పు! నీకు కళ్ళున్నాయా?" అని ఆయన అరుస్తుంటే ఆ పిల్ల సాయంత్రం దాకా వంగి రాళ్ళెత్తింది. వెళ్ళేటప్పుడు డెలియా ఆమెకు టీ ఇచ్చింది.

ఆ వారంలోనే ఊరి హాలులో మీటింగు పెట్టారు. పెట్టించింది సెనన్. కొండ మీది హోటలూ, టూరిస్టుల్ని తిప్పే బస్సులూ అతనివే. బస్సు ఆగే చోటల్లా తన సొంతమన్నట్టు మాట్లాడటం అతని అలవాటు.

"చూడు డెలియమ్మా," అన్నాడు, అందరికీ వినపడేట్టు. "బుకింగులు రద్దవుతున్నాయి. ఈ రోడ్డు పేరు వింటేనే జనం మొహం తిప్పుకుంటున్నారు. చిన్న మాట. కెమెరా ముందు నిలబడి, తప్పైపోయింది అను. కాస్త నవ్వు. నేనే తీయిస్తాను."

"నవ్వాలా?"

"కొంచెం. కోపంగా ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది."

వెనక వరసలోంచి ఎవరో, "అంత పొగరెందుకమ్మా, ఒక్క ఆవేగా!" అన్నారు. కొందరు నవ్వారు. ఆ నవ్విన మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నేను లేచాను. "నేను టూరిస్టులకు అద్దెకిచ్చే గదులూ ఖాళీగానే ఉన్నాయి. అయినా ఒకటి అడుగుతాను. వీడియోలో ఆవెందుకు లేదని మీలో ఒక్కరైనా అడిగారా?"

"ఊనా, నువ్వు కూర్చో," అన్నాడు సెనన్.

"దాన్ని కూర్చోమనకు," అంటూ డెలియా లేచింది. గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే నాకు భయం వేసింది. "ఆ పిల్లకి నా గుమ్మంలో క్షమాపణ చెప్పాను. చెప్పాల్సినంత చెప్పాను. నీ కెమెరాకి చెప్పను. ఇన్నేళ్ళుగా మీ బస్సులు ఆగేది నా పొలం పక్కన. వాళ్ళు తొక్కేది నా బండలు. ఊరికి మంచిది కదా అని నోరు మూసుకుని, రాళ్ళేరుకున్నాను. జూనో పడి ఉన్నప్పుడు మీలో ఎంతమంది వచ్చారు? ఊనా వచ్చింది, ఈమర్ వచ్చింది. నీ బస్సు కూడా వచ్చింది సెనన్. హారన్ కొట్టి జనాన్ని ఎక్కించుకుని పోయింది."

హాలులో ఎవరూ నవ్వలేదు.

"రేపట్నుంచి అక్కడ కరెంటు తీగ ఉంటుంది. తీగ లోపల నా ఆబోతు ఉంటుంది. ఎవరైనా రాళ్ళు పేర్చుకోదలిస్తే దాన్ని అడగండి."

"ఊరి పొట్ట కొడతావా?"

"నా గోడ తిని నిండే పొట్టయితే, ఇంకో గోడ వెతుక్కోండి," అని కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

అన్నంత పనీ చేసింది. సెనన్ కూడా పట్టు వదల్లేదు. డెలియా పొలానికి ఆనుకునే అతని మేత భూమి ఉంది, దాని కిందా అవే బండలు. బస్సుల్ని అక్కడ ఆపాడు. 'మీ దొంతర ఇక్కడ పేర్చుకోండి' అని రంగుల బోర్డు పెట్టాడు. జనం విరగబడ్డారు. ఆ వీడియో పుణ్యమా అని ముందుకన్నా ఎక్కువే వచ్చారు. డెలియా తన పొలంలోంచి అదంతా చూస్తూ పళ్ళు కొరుక్కునేది. చర్చిలో సెనన్ కూర్చున్న వైపు కూర్చోవడం మానేసింది.

సెనన్ గోడ ఫ్లాన్ కట్టింది కాదు, అంత గట్టిదీ కాదు. ఆగస్టులో ఒక రోజు అతని కోడెలన్నీ, జనం రాళ్ళు పీకిన చోట గోడ దాటి, రోడ్డు వంపులోకి వచ్చేశాయి. కార్లు రెండు వైపులా ఆగిపోయాయి. సెనన్ బస్సే ఒకటి కీచుమంటూ బ్రేకు వేసి కాలవలోకి ఒరిగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. డ్రైవరు దిగి తల పట్టుకున్నాడు. కోడెల్ని ఎటు తోలాలో ఎవరికీ తెలియలేదు.

డెలియా కర్ర పట్టుకుని వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఒక కోడె ముట్టె మీద చెయ్యి పెట్టి వెనక్కి తోస్తూ, ఇంకోదాన్ని కర్రతో అదిలిస్తూ, అన్నిటినీ గేటు లోపలికి తోలింది. తోలినంతసేపూ నోరు ఆగలేదు. సెనన్ ఆయాసపడుతూ పరుగెత్తుకు వచ్చేసరికి తిట్లు అతని మీదికి తిరిగాయి.

"ఒక్క ఆవేగా అన్నారు హాల్లో! లెక్కపెట్టుకో ఇప్పుడు నీవెన్నో! బస్సులో పిల్లలున్నారు, కనపడిందా? కెమెరా తెచ్చావా? నవ్వు! కొంచెం నవ్వు, సెనన్!"

అతని మొహం ఎర్రబడింది. వెళ్ళి గేటుకు గడియ పెట్టాడు. మర్నాడు రంగుల బోర్డు లేదు. ఆ తర్వాతి రోజు టోపీ చేత్తో పట్టుకుని ఫ్లాన్ దగ్గరికి వచ్చి, గోడ సంగతి చూడమన్నాడు.

"నా వేళ్ళు చూశావుగా," అన్నాడు ఫ్లాన్. "రాళ్ళు నువ్వెత్తు. నేను కుర్చీలో కూర్చుని తిడతాను."

అలాగే జరిగింది. సెనన్ రాళ్ళెత్తాడు, ఫ్లాన్ తిట్టాడు. డెలియా అటు వెళ్ళలేదు. మూడు గంటలప్పుడు నేను వాళ్ళింటికి వెళ్తే ఫ్లాన్ కోసం ఫ్లాస్కులో టీ పోస్తోంది.

"ఇంకా కోపం తగ్గలేదా?" అన్నాను.

"ఎందుకు తగ్గాలి? తన కోడెలు రోడ్డెక్కాక గుర్తొచ్చింది గోడ. నా జూనో పోయినప్పుడు 'చిన్న మాట' అన్నాడు. ఆ మాట నాకింకా చెవిలోనే ఉంది."

"గోడ కడుతున్నాడుగా."

"కట్టనీ. వాడి గోడే కదా."

ఫ్లాస్కు మూత బిగించి, ఒకే ఒక కప్పు దానికి తగిలించి నా చేతికిచ్చింది.

"మరి సెనన్‌కి?" అన్నాను.

"సముద్రం నిండా నీళ్ళున్నాయి," అంది డెలియా.