కనబడని చేతికి చోటు

ఆసుపత్రి వెనక వైపు రికార్డుల గదిలో ఆమె అందరికంటే ముందొచ్చి కూర్చునేది. బల్ల తుడిచాకే కళ్లజోడు, కళ్లజోడు తుడిచాకే కంప్యూటర్. డాక్టర్లు రాసిన జబ్బుకి సరిపడే కోడ్ వెతికి వేయడం ఆమె పని. ఆ కోడ్ చూసే పైఆఫీసు రోగికి సాయం మంజూరు చేస్తుంది. డాక్టరు రాయనిదాన్ని ఆమె ఒక్క ముక్కా చేర్చదు. చూసీ చూడనట్టు పోవడం ఆమె ఒంటికి పడదు. అందుకే వెనకాల అందరూ చాదస్తం మేడం అనేవారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. పనిలో చాదస్తం లేని మనిషిని దేనికీ నమ్మలేమని ఆమె అభిప్రాయం.

ఒక రోజు వచ్చిన ఫైలు ఒక చిన్నపిల్లది. పుట్టుకతోనే ఎడమ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. ఆగిన చోటునుంచి కిందికి కనబడని చెయ్యి ఉంది. ఆ చేత్తో బొమ్మను పట్టుకుంటే బొమ్మ గాల్లో నిలబడేది. దువ్వెన పట్టుకుంటే జుట్టులో దువ్వెన ఒక్కటే నడిచేది. ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. "ఆ చేతికీ సబ్బు రాయవే" అని పక్కింటావిడ కూడా గుర్తుచేసేది. చిక్కల్లా ఒకటే. కనబడదు గనక ఆ చెయ్యి తలుపు సందుల్లో నలిగేది, జనంలో తోపులాటకి గురయ్యేది. పిల్ల ఖాళీ గాలిని ఒళ్లో పెట్టుకుని ఊదుకుంటూ ఏడ్చేది. దానికి రక్షణగా ఒక కృత్రిమ చెయ్యి కావాలని తల్లి అడుగుతోంది. సాయం కింద ఒక్కటే ఇస్తారు. పిల్ల ఎదిగేదాకా ఇంకోటి ఇవ్వరు.

ఫైల్లో డాక్టరు రెండే మాటలు రాశాడు. పుట్టుకతో చేతి లోపం. రెండు చేతుల పట్టూ సమానం.

ఆమె ఫైలు పట్టుకుని మేడ మీది డాక్టరు గదికి వెళ్లింది.

"ఏ చెయ్యో, ఎక్కణ్నుంచి లేదో రాయలేదు డాక్టరుగారూ."

"ఎక్స్‌రే చూశారుగా మేడం. మీకు తెలీదా?"

"నాకు తెలిసింది నేను రాయకూడదు. మీకు తెలిసింది మీరు రాయాలి."

డాక్టరు నవ్వుతూ రాశాడు. ఎడమ మోచేతి కిందనుంచి ముంజేయి, అరచెయ్యి, వేళ్లు పుట్టుకతో లేవు. అంతలో కలం ఆపి, "మరి రెండో మాటతో పేచీ రాదూ? చెయ్యి లేదు, పట్టు ఉంది. ఫైలు తిప్పికొడతారు. కొట్టేస్తాను, ఒక్క గీత పని," అన్నాడు.

ఆమె ఆ రెండో మాట మళ్లీ చదివింది. ఫైలు తిరిగొస్తే ఆ పిల్ల ఇంకెన్నాళ్లు నలిగిపోవాలో. ఒక్క గీత గీస్తే సాఫీగా వెళ్లిపోతుంది.

"ఆ పట్టు మీరు స్వయంగా చూశారా?"

"చూడ్డమేంటి, నా వేలు పట్టుకుని వదిలితేనా."

"అయితే ఉండనివ్వండి."

"రేపు వెనక్కొస్తే?"

"తిట్లు నాకే పడతాయి. నాకు అలవాటే."

వరండాలో పిల్లతో కూర్చున్న తల్లి లేచి నిలబడింది. "లేదని రాశారా అమ్మా?"

"రాశారు."

"ఆ చెయ్యి వింటుందండీ. లేదన్నామని అలిగి వెళ్లిపోతే?"

ఓదార్చడం ఆమెకి చేతకాని విద్య. "పట్టు ఉందని కూడా రాశారు," అని మాత్రం అంది. అప్పుడే ఆమె మణికట్టు చుట్టూ కనబడని బుల్లి వేళ్లు వెచ్చగా బిగిశాయి.

"మీ చెయ్యి చల్లగా ఉందేంటి?" అంది పిల్ల.

"ఏసీ గదమ్మా," అంది ఆమె.

కిందికొచ్చి, లేని ముంజేతికి కోడ్ వేసింది. ఉన్న పట్టుకి కోడ్ కోసం జాబితా అంతా గాలించింది. లేనిదానికే కోడ్ ఉంది, ఉన్నదానికి లేదు. ఆ మాటని డాక్టరు రాసినట్టే ఉంచి ఫైలు పంపేసింది.

తర్వాత రోజూ తిరిగొచ్చిన ఫైళ్ల కట్ట ముందు విప్పి చూసుకునేది. "మీ గాలిచెయ్యి వెనక్కొచ్చిందా మేడం?" అని పై అధికారి దెప్పేవాడు. రాలేదు. పైఆఫీసువాళ్లు కోడ్ చూశారు, ముద్ర వేశారు. మిగతాది చదివే ఓపిక వాళ్లకెక్కడిది?

చదివినవాడు కృత్రిమ అవయవాలు చేసే ముసలి మేస్త్రి. ఒకసారి పోత పోశాక దిద్దడం కుదరదు గనక అతను ప్రతి అక్షరం చదువుతాడు. తల్లిని పిలిపించాడు.

"పట్టు ఉందని రాశారు. అంటే వేళ్లున్నట్టే కదమ్మా. మామూలుగా నేను చెయ్యి నిండుగా పోస్తాను. అలా పోస్తే మరి ఆ వేళ్లు ఎక్కడుంటాయి?"

నిండు చెయ్యి తగిలిస్తే పిల్ల చెయ్యి బయటే ఉండిపోయేదని తల్లికి అప్పుడు తట్టింది.

మేస్త్రి మట్టిముద్ద ఒకటి పిల్ల ముందు పెట్టాడు. "గట్టిగా నొక్కు తల్లీ." ముద్దలో అరచెయ్యి పడింది, వేళ్లు పడ్డాయి, చిటికెన వేలి గోరు గుర్తు కూడా పడింది. ఆ కొలతకి అతను పలుచగా, మెత్తగా, లోపల బోలుగా చెయ్యి చేశాడు. అందులో తీగ లేదు, మర లేదు. తొడగగానే వేళ్లు ఒక్కొక్కటే నిద్ర లేచినట్టు కదిలాయి.

ఒక సాయంత్రం చాదస్తం మేడం పని ముగించి గేటు దగ్గరికి వచ్చేసరికి తల్లీ కూతుళ్లు వీధిలో వెళుతున్నారు. రోడ్డంతా జనం. పిల్ల ఎడమ చెయ్యి బార్లా చాపి నడుస్తోంది. ఎదురొచ్చినవాళ్లు ఆ చేతిని చూసి, తగలకుండా, కాస్త పక్కకి జరిగి నడిచారు.