బెయిలు కాదు, బైలైను

"అమ్మా! బైలై... వచ్చింది! పేపర్లో పడింది... నాన్నకి చెప్పు..." అంటూండగానే ఫోను తెగిపోయింది.

ప్రసన్నకుమారి చెవినపడింది ఒకటే ముక్క. బెయిలొచ్చింది.

లోపలేస్తేనే కదా బెయిలిచ్చేది! ఆమె కూతురు హెప్సిబా హిందీ పేపరుకి వార్తలు రాస్తుంది. మొన్న బాసగూడ అవతల ఓ పల్లెలో చేతిపంపు పాడై రెండేళ్లయిందంటే రాయడానికెళ్లింది. పేరు బయటపడితే ఎవడు పగబడతాడో అని తల్లి ఎన్నిసార్లు మొత్తుకుందో! "నా పేరెక్కడ వేస్తారమ్మా, 'మా ప్రతినిధి' అని వేస్తారు" అనేది పిల్ల, మొహం చిన్నబుచ్చుకుని. ఆ ఒక్క మాటే తల్లికి ధైర్యం.

పొయ్యి ఆర్పేసింది. జామీనుకి అడుగుతారేమోనని ఆధార్ కార్డు కొంగున ముడేసుకుంది. కిరందుల్ రైల్వే స్టేషను ముందు పేపర్లమ్మే రాజ్‌కుమార్ దగ్గరికి, బెయిలు బెయిలని ఏడుస్తూ పరుగెత్తింది.

"బాబూ, మా పిల్లని ఏ ఠాణాలో పెట్టారో చూడు! బెయిలొచ్చిందని పేపర్లో పడిందట!"

రాజ్‌కుమార్ పేపరు తిరగేసి పకపకా నవ్వాడు.

"ఏటి బాబూ, మా ఇల్లు మునిగిపోతుంటే నవ్వుతావు?"

"బెయిల్ కాదు మౌసీ, బైలైన్! వార్త రాసినోళ్ల పేరు వార్త మీద వేస్తారే, అది. అందరికీ వెయ్యరు. ఇదిగో."

అరకు, కొత్తవలస స్టేషను బోర్డుల మీద తెలుగు పక్కన చూసి చూసి నేర్చిన హిందీ అక్షరాలే ఆమెవి. వేలు పెట్టి కూడబలుక్కుంది. హె... ప్సి... బా.

మళ్లీ ఫోను. వెనక పంపు కిర్రుమంటోంది, ఆడవాళ్లు కేకలేస్తున్నారు.

"నీళ్లొచ్చాయమ్మా! పొద్దున్నే మనుషులొచ్చి బాగుచేశారు. ఎడిటర్ గారేమో, మీ అమ్మ భయపడితే ఇకమీదట పేరు తీసేస్తానంటున్నారు. ఏం చెప్పను?"

ప్రసన్నకుమారి ఫోను చెవికి అదుముకుంది. ఆ కిర్రుచప్పుడు వింటూ పేపర్లో కూతురి పేరు మీద మళ్లీ వేలు పెట్టింది.

"భయం నాకెప్పుడూ ఉంటాది, దానికేటి. పేరుండనీ. ఈసారి కాస్త పెద్దక్షరాల్లో వెయ్యమను, నాకు కళ్లద్దాలు లేవు."

పేపరు గుండెకి హత్తుకుని తిరిగొస్తుంటే, పక్క క్వార్టరు ప్రమీలారాణి గుమ్మంలోంచే అడిగింది. "ఏడ్చుకుంటూ పోయావేటి వదినా? బెయిలన్నావు, పిల్లనెప్పుడు పట్టుకున్నారు?"

"బెయిలు కాదు ప్రమీలా, బైలైను!" క్వార్టర్ల వరసంతా వినబడేలా అరిచింది ప్రసన్నకుమారి. "అందరికీ వెయ్యరు. కూర్చో, చదివిపెడతాను."