గోడలో మూసిన కన్నాలు

నేను గిన్నెలు తోమే నీళ్లకే గోడ కూలుతోందని మా ఆయన ప్రభు కనిపెట్టాడు. తమిళనాట తుడియలూరులో మా ఇల్లు మిట్ట మీద ఉంది. పక్కింటి రక్కమ్మాళక్క స్థలం మాకన్నా నిలువెత్తు పల్లం. మా మట్టి ఆమె మీద పడకుండా ఆపేది మధ్యనున్న గోడే, అదీ ఈ ఏడు అక్క వైపు ఉబ్బింది. దాని కిందే అక్క షెడ్డు. సెల్లాయి, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని పొద్దంతా పంపు మోటార్లకు తీగ చుడతారు. ఐప్పసి నెల వానలకు ఇంకా పదిరోజులే ఉంది.

గోడలో పగులు వేలెడు ఉన్నప్పుడే చెప్పాను. నీకేం తెలుసు, పోయి కాపీ పెట్టు అన్నాడు ప్రభు. మా కాలంలో తోమితే ఏ గోడా పడలేదే అంది అత్తగారు. పాలు విరిగితే నేను, పిల్లకు మార్కులు తగ్గితే నేను, కరెంటు బిల్లు ఎక్కువొస్తే నేను. ఇప్పుడు గోడకూ నేనే. సిగ్గులేకుండా నేనూ నమ్మాను. నాలుగు రోజులు తోమిన నీళ్లను బక్కెట్లలో పట్టి వీధి కాలువ దాకా మోశాను. నడుము పట్టేసింది. ఎవరూ ఎందుకని అడగలేదు.

ఆదివారం అక్క ఒక కాగితం తీసుకుని వచ్చింది. గోడ విప్పి, రెండిళ్లవాళ్లూ చెరిసగం ఖర్చుతో మళ్లీ కట్టుకోవాలని తమిళంలో రాసి ఉంది. సంతకం పడితే మర్నాడు పొద్దున్నే మేస్త్రీని పిలుస్తానంది అక్క. ప్రభు నా ముందే గిన్నెల నీళ్ల మాట ఎత్తాడు. అక్క తీగలు చుట్టి కాయలు కాసిన చేతుల్ని ఒళ్లో పెట్టుకుని నిదానంగా విన్నది.

"తోమిన నీళ్లకి గోడ పడదు ప్రభూ. పెయింటు కొట్టేటప్పుడు మరకలు అసింగంగా ఉండాయని, వాన నీళ్లు పోయే కన్నాలెల్లాం నువ్వు సిమెంటుతో మూయించినావు. మా పక్కనే నిలబడి మూసినారు. ఇప్పుడు ఆ నీళ్లు మట్టిలోనే నిలిచి గోడను తోస్తా ఉండాయి. నేనూ చూస్తా సుమ్మా ఊరుకున్నాను. సగం తప్పు నాది."

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పదిహేనేళ్లలో మా ఇంట్లో 'తప్పు నాది' అన్న మాట నా నోట తప్ప ఇంకెవరి నోటా వినలేదు. ఈమె అడక్కుండానే ఒప్పుకుంది, ఒప్పుకున్నాక కూడా తల ఎత్తుకునే కూర్చుంది. ఎంత ముద్దొచ్చిందో ఆ మనిషి! తప్పు ఒప్పుకోవడమంటే తల దించుకోవడమే అనుకున్నాను ఇన్నాళ్లూ.

వానలు పోనీ, అప్పుడు సంతకం పెడతాలే అన్నాడు ప్రభు.

"నీ సంతకం వద్దు కణ్ణు. పన్ను ఆపీసులో చూసినాను. ఇల్లు శ్రీమతి పేర ఉంది."

ఆడవాళ్ల పేరున బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గిస్తారని అప్పుడెప్పుడో నాతో వేలెడు మందం కాగితాల మీద సంతకాలు పెట్టించారు. ఆ రోజూ ఇంటికొచ్చి వంటే చేశాను, అంతకుమించి ఏమీ తోచలేదు. ఇప్పుడు కాగితం అందుకున్నాను. ప్రభు పళ్ల బిగువున శ్రీమతీ అని నా పేరు పిలిచాడు. అత్తగారు లోపల్నుంచి వచ్చి నిలబడింది. సంతకం చక్కగానే పడింది.

సెల్లాయి వాళ్లను ఇవాళే షెడ్డు ఖాళీ చేయమని అక్కకు చెప్పి, ప్రభు వైపు తిరిగాను.

"పొద్దున ఏడింటికి మేస్త్రీ వస్తాడు. గోడ పక్కనుంచి కారు తీయండి."

నేను ఆయనకొక పని చెప్పడం అదే మొదటిసారి.