గుమ్మం ముందు బూట్లు

రాయచూరు జిల్లా సిరవార దాటాక, కాలవ పక్కన ఆంధ్రా రైతులు వచ్చి స్థిరపడిన క్యాంపులో, వీరబాబు ఇంటికి పాలు పోసేది హంపమ్మ. ఆమె క్యాను దించి ముందుగా గుమ్మం కింద చెప్పులు చూస్తుంది. ఆ ఇంట్లో రాత్రి విడిచిన చెప్పులు, తెల్లారేసరికి వాటి మనిషి ఆ రోజు ఎటు పోవాలో అటు తిరిగి ఉంటాయి. కాలవ గట్టు వైపుంటే పొలానికి. గేటు వైపుంటే రోడ్డుకి. గుమ్మం వైపే ఉంటే ఆ రోజు ఒంట్లో బాగుండదన్నమాట. పాలు ఎన్ని పోయాలో హంపమ్మ దాన్నిబట్టే చూసుకునేది.

“అక్కా, మీ కొడుకు చెప్పులు గేటు దిక్కున్నయ్. ఇయ్యాల రాయచూరుకా?”

“వాడికింకా తెలీదు. లేచాక చెబుతాలే. పాలు తగ్గించి పొయ్యి,” అంది వీరబాబు తల్లి కుసుమ.

వీరబాబు కూతురు శ్రావ్యకి రెండు సైకిళ్లు. ఒకటి సన్న టైర్లది, తారురోడ్డు కోసం. రెండోది లావు టైర్లది, మట్టిలో తొక్కడానికి. క్రీడా హాస్టల్లో సీటుకి ఆ నెలలోనే పోటీ పెట్టారు. సగం దూరం రోడ్డు మీద, సగం కాలవ గట్టు మీద, మధ్యలో సైకిలు మార్చుకోవాలి. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది కనుక ఆ పిల్లకి ఇదే ఆఖరి అవకాశం.

ఇలాంటి పోటీల్లో కాలు పెడల్ మీద ఊరికే ఆనించరు. బూటు అడుగున ఒక బిళ్ళ ఉంటుంది, పెడల్ దాన్ని టక్కున పట్టుకుంటుంది. మడమ పక్కకి తిప్పితే వదులుతుంది. పట్టుకోవడమే దాని పని అయినా ఎందుకో దీన్ని క్లిప్‌లెస్ పెడల్ అంటారు. చిక్కల్లా ఏమిటంటే, రోడ్డు పెడల్ పట్టే బిళ్ళని మట్టి పెడల్ పట్టదు. రెండు సైకిళ్లున్న మనిషి రెండు జతల బూట్లయినా పెట్టుకోవాలి, రెండింటికీ ఒకే రకం పెడళ్లయినా బిగించుకోవాలి.

రాయచూరులో సైకిల్ షాపు మహాంతేశ్ రెండు జతలు ముందు పెట్టాడు.

“తెల్లది రోడ్డుకు మస్తుంటది. బిళ్ళ పెద్దది, కాలు గట్టిగ ఆనుతది. కానీ కింద దిగినవంటే బాతు నడకే. గోధుమరంగు దానికి బిళ్ళ చిన్నది, అడుగు లోపలికుంటది. రోడ్డు మీద జర తక్కువే గానీ బురదల ఉరకొచ్చు. రెండూ తీస్కపోయి చూడు. ఒకటి వాపస్ తే. ఉంచుకున్నదాని పెడళ్లే రెండు సైకిళ్లకూ బిగిస్త.”

శ్రావ్య మనసు తెల్లదాని మీద ఉంది. పట్నం పిల్లలందరూ అవే వేస్తారు. రోడ్డు మీదే వెనకబడితే ఇక మట్టిలో ఏం అందుకుంటాం అని ఆమె లెక్క. తెల్లవి వేసుకుని వరండాలో టకటకా నడిచింది.

“గుర్రాన్నేమన్నా తోలుకొచ్చావా అమ్మా?” అన్నాడు వీరబాబు.

“నువ్వూరుకో నాన్నా!”

క్యాంపు కుక్కలకి చెప్పుల పిచ్చి. అందుకని వీరబాబు కొత్త బూట్లు రెండు జతలూ బీరువా మీద దాచాడు. బీరువా మీదున్నవి ఎటూ తిరగవు. ఒక జత తిరిగిచ్చే రోజు దగ్గరపడింది.

“బీరువా ఎక్కించిన బూటు ఏం చెబుతుందే? గుమ్మం ముందు పెట్టు,” అంది కుసుమ.

“కుక్క ఎత్తుకుపోతే, నాయనమ్మా?”

“దానికి మీ నాన్న చెప్పులంటేనే ఇష్టం.”

ఆ సాయంత్రం బూట్లు గుమ్మం ముందుకొచ్చాయి. కుక్క కోసం వీరబాబు పాత చెప్పులు కాస్త ముందుగా పెట్టారు.

పొద్దున తెల్లజత రెండూ గేటు వైపు తిరిగి, పక్కపక్కన బుద్ధిగా ఉన్నాయి. శ్రావ్య ముఖం వెలిగింది. గోధుమరంగు జతలో ఎడమది గేటు వైపు, కుడిది కాలవ గట్టు వైపు ఉన్నాయి. ఆ ఇంట్లో ఒక జత అలా విడిపోయి కూర్చోవడం అదే మొదటిసారి.

“ఈ జతేందక్కా, పంచాయితీ పెట్టుకున్నట్టు గిట్ల కూసుంది?” అంది హంపమ్మ.

“పోవాల్సింది రెండు దిక్కులైతే ఇంకెలా కూచుంటుంది?”

శ్రావ్య తెల్లవాటిని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత వాటిని తిరిగిచ్చెయ్యడానికి పెట్టెలో పెట్టి మూత వేసింది.

పోటీ రోజుకి కాలవలో నీళ్లొదిలారు. గట్టు తడిసి జిగటగా ఉంది. రోడ్డు మీద శ్రావ్య వెనకబడింది. ఆమె ముందు వరసగా తెల్లబూట్లే. సైకిళ్లు మార్చుకునే చోట కొందరు కూర్చుని బూట్ల పట్టీలు విప్పుకుంటున్నారు. బూట్లు మార్చకుండా దిగినవాళ్ల బిళ్ళల్లో బంకమన్ను నిండిపోయింది. వాళ్లు తొక్కి తొక్కి చూస్తున్నారు, పెడల్ పట్టడం లేదు. శ్రావ్య రోడ్డు సైకిలు దిగి, బురదలో పరుగెత్తి రెండోది ఎక్కింది. టక్కుమని చప్పుడైంది.

సాయంత్రం ఎంపికైనవాళ్లని పిలిచారు. ఆఖరుగా పిలిచిన పేరు ఆమెది.

హాస్టల్లో ఎప్పుడు చేరాలో ఇంకా కబురు రాలేదు, కొన్నాళ్లు ఆ బూట్లు గట్టు వైపే తిరిగి ఉన్నాయి. ఒక పొద్దున హంపమ్మ వచ్చి క్యాను దించింది. వీరబాబు చెప్పులు పొలం వైపున్నాయి. గోధుమరంగు బూట్లు రెండూ కలిసి గేటు వైపు చూస్తున్నాయి. లోపల శ్రావ్య ఇంకా నిద్ర లేవలేదు.

హంపమ్మ వాటిని చూసి పాలు తగ్గించి పోసింది. కుసుమ గిన్నెలోకి ఒకసారి చూసుకుని లోపలికి వెళ్లింది.