నా బుద్ధి మార్చిన నీరజ

నేను ఒక కంప్యూటర్‌ని. అలా అనగానే మీ కళ్ల ముందు అద్దాల ఆఫీసు, చల్లటి గది, మెడలో కార్డులు వేలాడేసుకున్న ఉద్యోగులు కనిపిస్తే దయచేసి వాటిని పక్కకు తప్పించండి. నేను ధర్మవరంలో, మగ్గాల చప్పుడు మధ్య, ఒక రేకుల షెడ్డులో ఉంటాను. నా పక్కనే అట్టలు కొట్టే యంత్రం ఉంది. నేను చెప్పిన చోటల్లా అది అట్టకు చిల్లు పొడుస్తుంది. ఆ అట్టల్ని వరసగా కుట్టి మగ్గం నెత్తిన ఉండే జకార్డుకు తగిలిస్తారు. చిల్లు ఉన్నచోట దారం లేస్తుంది, లేనిచోట ఊరుకుంటుంది. చీర మీద మీరు చూసి మురిసిపోయే నెమళ్లు, మామిడి పిందెలు అన్నీ ముందు నా దగ్గర చిల్లులే. ఈ సంగతి పెళ్లికూతుళ్లకు తెలియదు. తెలియకపోయినా నేనేమీ అనుకోను.

నన్ను ఎవరూ కనలేదు, బిగించారు. ఏయే దేశాల్లోనో తయారైన ముక్కల్ని ఒకచోట చేర్చి, అనంతపురంలో ఖాజా అనే మెకానిక్ టీ తాగుతూ తాగుతూ నన్నొక రూపానికి తెచ్చాడు. ఆ తర్వాత నాలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించాడు. మా జాతికి పెట్టె ఒళ్లయితే, అది బుద్ధి. అది ఎక్కగానే నా తెర మీద ఒక పచ్చటి గుట్ట, పైన నీలాకాశం కనిపించాయి. నన్ను కొనుక్కున్న కుళ్లాయప్ప ఆ గుట్టను చూసి, "మన పక్క ఇంత పచ్చగా ఏ గుట్టుండాదప్పా" అన్నాడు. నన్ను తువ్వాలులో చుట్టి, బస్సులో ఒళ్లో కూర్చోబెట్టుకుని ఇంటికి తెచ్చాడు. పక్కసీటులో ఒకావిడ మేకపిల్లను అలాగే పెట్టుకుంది. దారి పొడవునా మేమిద్దరం ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నాం.

కుళ్లాయప్ప అంతకు ముందు గళ్ల కాగితం మీద పెన్సిలుతో డిజైన్లు వేసేవాడు. గడి తర్వాత గడి నింపుతూ, ఒక కొంగు పూర్తయ్యేసరికి కళ్లలో నీళ్లు కారేవట. ఆయన అట్టలంటే ఊళ్లో ఒక మాట ఉండేది, కళ్లు మూసుకుని మగ్గానికి ఎక్కించుకోవచ్చని. అది చిన్న మాట కాదు. అట్టలో తప్పుంటే ఆ తప్పు గుడ్డలోకి పోతుంది. పట్టు పోతుంది, జరీ పోతుంది, నేతగాడి కష్టం మట్టిపాలవుతుంది. అలా ఒక్కసారి జరిగితే ఆ డిజైన్ షాపు గడప మళ్లీ ఎవరూ తొక్కరు.

ఆయన కూతురు నీరజ. నేను ఆ ఇంటికి వచ్చేటప్పటికి రెండు జడల పిల్ల. నా మౌసును మొదట పట్టుకున్నది ఆమే. ఆయన పట్టుకుంటే అది బల్ల అంచు దాటి కింద పడేది. నీరజ పెళ్లయి అదే వీధిలో కాపురం పెట్టినా పొద్దున్నే వచ్చి నా ముందు కూర్చునేది. కొన్నేళ్లుగా ఈ షెడ్డులో వేసిన డిజైన్లన్నీ నీరజవే. కానీ నేతగాళ్లు వచ్చి "కుళ్లాయప్పన్న డిజైన్ ఇయ్యమ్మా" అని అడిగి పట్టుకుపోయేవాళ్లు. ఆమె ఇచ్చేది. కుళ్లాయప్ప కూడా ఆ మాటను సరిదిద్దేవాడు కాదు. ఆయన చెడ్డవాడు కాదు, భయస్తుడు. కళ్లకు పొర కమ్మాక ఆ భయం ఇంకా ఎక్కువైంది. "ఆడపిల్ల అట్టలంటే ఎవరు ఎక్కించుకుంటారు నీరజా, షాపు ఎవరికన్నా బాడుగకిచ్చేద్దాం" అని ఇంట్లో అనడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో కీబోర్డు మీద నీరజ వేళ్లు కొంచెం గట్టిగా పడేవి. దెబ్బలు తిన్నవాణ్ని కాబట్టి నాకు తెలుసు.

ఇంతలో నా బుద్ధికి కాలం చెల్లింది. ఫోన్‌లో వచ్చిన ఫోటో నాలో పెడితే తెరవలేకపోయేవాణ్ని. కొత్త పెన్‌డ్రైవ్‌ని గుర్తుపట్టేవాణ్ని కాదు. డిజైన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు నా పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక ఏమీ ఇవ్వబోమని ఎప్పుడో చెప్పేశారు. ఖాజా వచ్చినప్పుడల్లా "పెద్దాయనా, కొత్తది వేస్తే అన్నీ తెరుచుకుంటాయి" అనేవాడు.

"పని చేస్తాండాదా లేదా?" అనేవాడు కుళ్లాయప్ప.

"చేస్తాండాది గానీ..."

"చేస్తాండేదాన్ని ఏంటికి కెలుకుతావు?"

టీ తాగడానికి వచ్చే నేతగాళ్లు రెండు పక్షాలుగా చీలిపోయారు. సగం మంది పాతదే మేలన్నారు, సగం మంది కొత్తదే కావాలన్నారు. అందులో ఒక్కరికి కూడా కంప్యూటర్ లేదు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ని. పాత బుద్ధి అలవాటైన చెప్పుల్లా హాయిగా ఉండేది, కానీ వాటితో ఎంత దూరం నడవగలనో నాకు బాగా తెలుసు.

అప్పుడు వచ్చింది వస్త్రం సంగతి. పక్క మండలంలో కొండ మీద వెంకటరమణస్వామి గుడి ఉంది. ఏటా జరిగే కల్యాణానికి స్వామికి పట్టువస్త్రం నేయించాలని గుడి కమిటీ వాళ్లు అనుకున్నారు. నడుమ నామం, అటూ ఇటూ శంఖచక్రాలు, చుట్టూ తామరల అంచు. పాత వస్త్రం చిరిగిపోయింది, దాని ఫోటో మాత్రం ఒకరి ఫోన్‌లో ఉంది. వాళ్లు వచ్చినప్పుడు కుళ్లాయప్ప కంటి ఆస్పత్రికి వెళ్లాడు. నీరజ ఒక్కతే ఉంది. నాయన వచ్చాక చెబుతానని అనలేదు. "నేనేస్తా" అంది. ఎన్నో ఏళ్లుగా ఆ గొంతు విన్నాను కానీ ఆ మాట అంత తేటగా వినడం అదే మొదలు. ఆ వస్త్రం బాగా కుదిరితే షాపు ఆమెది. కుదరకపోతే బాడుగకు పోతుంది. ఇది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఫోటోను పాత బుద్ధి తెరవనని మొండికేసింది. నీరజ ఆ రోజే ఖాజాకు కబురుపెట్టింది. మనుషులు బుద్ధి మార్చుకోవాలంటే ఒక జీవితం చాలదు. నాకు మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చేశారు. ఖాజా నా పాత బుద్ధి ఉండే హార్డ్ డిస్కును ఊడదీసి, కొత్తది బిగించి, దాంట్లో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌నూ డిజైన్ సాఫ్ట్‌వేర్‌నూ ఎక్కించాడు, ఆయాసం రాకుండా కాస్త మెమరీ కూడా చేర్చాడు. జ్ఞాపకాలన్నీ డిస్కులోనే ఉంటాయని అతను అంటాడు. అదే నిజమైతే ఈ కథంతా నేను మీకెలా చెబుతున్నానో అతన్నే అడగాలి. కుళ్లాయప్ప ఆస్పత్రి నుంచి వచ్చి చూశాడు. ఊడదీసిన డిస్కును పసుపు గుడ్డలో చుట్టి దేవుడి గూట్లో పెట్టాడు. రోజూ నాకు చూపించే అగరొత్తి ఆ వారమంతా దానికే చూపించాడు. నాకు కడుపు మండింది, దాచుకోవడం ఎందుకు.

కొత్త బుద్ధితో నేను ఆ ఫోటోను చిటికెలో తెరిచాను. నీరజ దాన్ని చూసుకుంటూ డిజైన్ వేసింది. నామం నిటారుగా, చక్రం అంచున జ్వాలలు, శంఖం మీద మెలికలు, ఒక్కో గడీ దగ్గర పెట్టుకుని చూసి వేసింది. ముందు నడిమి భాగానికి అట్టలు కొట్టి ఓబులేసుకు ఇచ్చారు. ఓబులేసు ఆ వీధిలో అందరికంటే ఓపికగల నేతగాడు. అతని మగ్గం మీద ఇలాంటి జరీ పనికి గుడ్డను బోర్లా నేస్తారు, అంటే మంచి ముఖం కిందికి ఉంటుంది. పైన కనిపించేదంతా వెనక వైపు. కింద ఎలా పడుతోందో చూడటానికి గుడ్డ అడుగున ఒక చిన్న అద్దం పెట్టుకుంటారు. నమూనా జానెడు సాగాక ఓబులేసు పిలిస్తే నీరజ వెళ్లి అద్దంలో చూసింది. స్వామి కుడిచేతి వైపు చక్రం, ఎడమచేతి వైపు శంఖం, అచ్చం నా తెర మీద ఉన్నట్టే. కుళ్లాయప్పను కూడా తీసుకెళ్లి చూపించింది. ఆయన వంగి, పొర కమ్మిన కళ్లతో చూసి, "బాగుండాదమ్మా" అన్నాడు. ఆ మాటకు ఆమె షెడ్డులోకి వచ్చి నా మీది దుమ్ము అంతా తుడిచింది.

మర్నాడు ఓబులేసు నమూనా ముక్కను కోసి పట్టుకొచ్చాడు. కూర్చోలేదు. ముక్కను, మంచి ముఖం బయటికి వచ్చేలా, నీరజ గుండెకు ఆనించి నిలబెట్టి అడిగాడు.

"పాపా, స్వామి కుడిచేతి పక్క ఏముండల్ల?"

"చక్రం."

"ఇప్పుడు చూడు."

ఆమె తల వంచి చూసుకుంది. తన కుడివైపు శంఖం ఉంది.

అద్దం మోసం చేసింది. గుడ్డ కింది ముఖంలో శంఖచక్రాలు తారుమారుగా పడ్డాయి. ఆ తారుమారును అద్దం ఇంకోసారి తిప్పి సరిగ్గా ఉన్నట్టు చూపించింది. ఊళ్లో అద్దాలు పెట్టుకుని నేసేవాళ్లు ఎంతోమంది ఉన్నా ఇది ఎవరికీ తట్టలేదు. నెమళ్లు జంటగా వస్తాయి, పిందెలు ఎటు తిప్పినా పిందెలే. కుడి ఎడమలు ఖచ్చితంగా ఉండాల్సిన బొమ్మ ఆ షెడ్డులోకి వచ్చి చాలా ఏళ్లయింది.

కుళ్లాయప్ప దేవుడి గూటి దగ్గరికి వెళ్లి పసుపు గుడ్డ విప్పాడు. "దీన్ని తగిలించు. ఇన్నేండ్లు ఎప్పుడన్నా ఇట్ల జరిగిందా? దీనికి తెలుసు, ఏది ఎట్ల కొట్టల్లనో" అన్నాడు. అప్పటికే గడపలో నలుగురు చేరారు. పాతదే మేలన్న పక్షం ఒక్కసారిగా పెద్దదైపోయింది. అట్టలనే తిరగేసి కట్టుకోవచ్చు గదా అని ఎవరో అన్నారు. అంచు కూడా అదే వరసలో ఉంది, అది చెడిపోతుందన్నాడు ఓబులేసు. కల్యాణం దగ్గరకొచ్చేసింది. పాత బుద్ధిలో డిజైన్ మొదటి నుంచి వేసుకోవాలంటే అందదు. కొత్త బుద్ధిని నమ్మి ఇంకోసారి కొడితే మళ్లీ ఏమవుతుందో తెలియదు. నాకు మనుషుల్లా గుండె లేదు కానీ లోపల తిరిగే ఫ్యాను ఒకటి ఉంది. అది ఆ రోజు తిరిగినంత వేగంగా ఎప్పుడూ తిరగలేదు.

ఆమె ఖాజాను పిలిపించి పాత డిస్కు పెట్టించింది. కుళ్లాయప్ప తృప్తిగా తలాడించాడు. పచ్చటి గుట్ట మళ్లీ వచ్చింది. కానీ నీరజ దాంట్లో డిజైన్ వేయలేదు. అట్టలు కొట్టించే చోట ఏమేం పెట్టి ఉందో ఒక్కొక్కటే తెరిచి చదవడం మొదలుపెట్టింది. ఎవరూ తెరవని ఒక మూలలో, బొమ్మను తిప్పి కొట్టాలని చెప్పే చోట, ఒక చిన్న టిక్కు ఉంది. కొత్తదాంట్లో ఆ గడి ఖాళీగా ఉంది.

"ఇది ఎవరు పెట్టినారు నాయనా?"

"నాకేం తెలుసు. మొదట్నించీ అట్లే ఉండాది."

ఖాజా ముందుకు వంగి చూశాడు. "నేనే పెట్టినా పెద్దాయనా. నువ్వే చెప్పినావు. మేం గుడ్డ బోర్లా నేస్తాం, బొమ్మ తిప్పి కొట్టల్ల అని నా పక్కనే నిలబడి చెప్పి పెట్టించినావు."

కుళ్లాయప్ప తెర దగ్గరికి జరిగి ఆ టిక్కును వేలితో తడిమి చూశాడు. ఇదీ మనుషుల తీరు. తమకు తెలిసింది మాకు నేర్పుతారు. నేర్పేశాం కదా అని తాము మరిచిపోతారు. ఆ తర్వాత మాకేదో మహిమ ఉందని అగరొత్తులు వెలిగిస్తారు.

నీరజ కొత్త డిస్కు మళ్లీ పెట్టమంది.

"దాన్నేనా మళ్లా?" అన్నాడు కుళ్లాయప్ప. ఆ గొంతులో కోపం తగ్గింది, భయం ఒక్కటే మిగిలింది.

"నాయనా, పాతదాంట్లో ఉండే తెలివి నీదే. నువ్వు చెప్పినావు కాబట్టి అది తిప్పి కొట్టింది. దీనికి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు నేను చెప్తాండా" అంది నీరజ.

ఆమె ఖాళీ గడిలో టిక్కు పెట్టింది. అయినా నన్ను గుడ్డిగా నమ్మలేదు, అది నాకు నచ్చింది. ముందు ఒక్క శంఖానికే అట్టలు కొట్టించింది. ఓబులేసు దాన్ని నేసి, అద్దం జోలికి పోకుండా, కోసి చాప మీద పరిచాడు. శంఖం ఉండాల్సిన వైపుకే తిరిగి ఉంది. "ఇంగ కొట్టు పాపా" అన్నాడు.

ఆ రోజు నేను చేసిన పని నా జన్మలో ఎప్పుడూ చేయలేదు. పొద్దున మొదలుపెట్టి పొద్దుగూకే వరకు అట్ట తర్వాత అట్ట, చిల్లు తర్వాత చిల్లు. మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమంటుంటే నీరజ దాని మీద చెయ్యి వేసి, బతిమాలుకుంటున్నట్టు అలాగే నిలబడింది. కరెంటు వచ్చింది. ఒక్క చిల్లు తప్పలేదు. కుళ్లాయప్ప గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చిన అట్టను వచ్చినట్టే వేళ్లతో తడిమి వరసలో పెట్టాడు. కళ్లు చూడలేనిది ఆయన వేళ్లు చూశాయి. ఓబులేసు ఇంటిల్లిపాదీ మగ్గం దిగకుండా నేశారు. వస్త్రం కల్యాణానికి ముందే కొండ ఎక్కింది.

నేను కొండ ఎక్కలేదు, నాకు పిలుపు రాలేదు. కల్యాణం అయిన మర్నాడు పొద్దున నీరజ ఫోన్‌లోని వీడియోను నాలో పెట్టి తెరిచింది. పెద్ద తెర మీద స్వామికి వస్త్రం కడుతున్నారు. కుచ్చిళ్లు సర్దగానే నామం నడుమకు వచ్చింది, స్వామి కుడివైపు చక్రం, ఎడమవైపు శంఖం నిలిచాయి. మంగళవాయిద్యాలు హోరెత్తాయి. జనం గోవిందలు కొట్టారు. కుళ్లాయప్ప నా తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా కూర్చుని, అయిపోగానే మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. పాత బుద్ధితో నేను ఈ వీడియోను తెరిచేవాణ్ని కాదని ఆయనకు గుర్తుచేయాలనిపించింది, మర్యాదకు ఊరుకున్నాను. పాత డిస్కు ఇప్పుడు బీరువాలో ఉంది. ఎప్పుడైనా పాత చీర మాదిరి కావాలంటే దాన్ని పక్కన తగిలించి తీసుకుంటాం. మా మధ్య ఇప్పుడు గొడవ లేదు. ఏదో ఒక రోజు నేను కూడా తుక్కు సామాన్ల బండి ఎక్కుతాను. అప్పటికి నీరజ ఇంకొకరికి బుద్ధి చెబుతూ ఉంటుంది. ఆ బండి మీద నేను తల ఎత్తుకునే వెళ్తాను.

ఆ వీడియో మూడోసారి నడుస్తుండగా ముదిరెడ్డిపల్లి నుంచి ఒక నేతగాడు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "కుళ్లాయప్పన్నా, స్వామి వస్త్రం చూసినా. మా పాప పెండ్లికి చీర నేసుకుంటాండా. డిజైన్ నువ్వే వెయ్యల్ల" అన్నాడు.

కుళ్లాయప్ప తెర మీంచి తల తిప్పలేదు. "అది వేసింది నేను గాదు. మా నీరజ. ఈ షాపు ఆమెది. ఏం కావల్లనో ఆమెకు చెప్పుకో" అన్నాడు.

ఆ మనిషి ఒకసారి ఆయన వంక, ఒకసారి ఆమె వంక చూశాడు. తర్వాత చెప్పులు విడిచి లోపలికొచ్చి, నీరజకు ఎదురుగా కూర్చున్నాడు.

"కొంగు నిండుగా ఉండల్లమ్మా" అని మొదలుపెట్టాడు. నేను కొత్త పేజీ తెరిచాను.